గొంతు తగ్గించినవాడి పక్షాన

నిక్ డ్రేక్ ప్రసక్తి వచ్చినప్పుడల్లా మూడు మాటలు వింటూ వస్తున్నాను. ఒకటి, అతనికి గొంతు లేదు. రెండు, అవన్నీ విషాదగీతాలు. మనిషికి జబ్బు, ఆ జబ్బే పాటయింది. మూడు, హాయిగా ఉంటాయి, పడుకోబోయే ముందు పెట్టుకోవడానికి బాగుంటాయి. మొదటి మాట అనేవారు అతన్ని ఇష్టపడనివారు. తక్కిన రెండూ అనేవారు అతని వీరాభిమానులు. ఇష్టపడనివారితో నాకు పెద్ద తగాదా లేదు, జవాబు చెప్పి ఊరుకుంటాను. నా అసలు తగాదా అభిమానులతోనే.

ఆ పేరు వినని మిత్రుల కోసం నాలుగు ముక్కలు. నిక్ డ్రేక్ 1948 జూన్ 19న రంగూన్‌లో పుట్టాడు. తండ్రి రాడ్నీ అక్కడ బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌లో ఇంజనీరు. నిక్ చిన్నతనంలోనే ఆ కుటుంబం ఇంగ్లండు తిరిగి వెళ్ళి, టాన్‌వర్త్-ఇన్-ఆర్డెన్ అనే పల్లెలో స్థిరపడింది. కేంబ్రిడ్జిలో ఆంగ్లసాహిత్యం చదువుతూ, చదువు ముగియకుండానే వదిలి పాటల్లోకి వచ్చాడు. మూడు ఆల్బములు చేశాడు: ‘ఫైవ్ లీవ్స్ లెఫ్ట్’ (1969), ‘బ్రైటర్ లేటర్’ (1971), ‘పింక్ మూన్’ (1972). మూడూ వరసగా విన్నా రెండు గంటలు పట్టదు. అతను బతికుండగా ఏ ఒక్కటీ చెప్పుకోదగినంతగా అమ్ముడుపోలేదు. 1974 నవంబరు 25న, 26 ఏళ్ళ వయసులో, తల్లిదండ్రుల ఇంట్లో చనిపోయాడు. ఒక గిటారు, ఒక గొంతు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నంత మంద్రమైన పాట: ఈనాడు ‘ఇండీ ఫోక్’ అని పిలుస్తున్న ఒంటరి గాయకుల ధోరణికి మూలపురుషుల్ని ఎంచితే అతని పేరు ముందు వరసలో ఉంటుంది.

ఇక మొదటి ఆరోపణ. గొంతు లేదనడంలో ఒక పాత లెక్క దాగి ఉన్నది. మైకు లేని కాలంలో గొంతంటే దూరం. పద్యం ఎత్తుకుంటే చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి అందాలి; అందకపోతే నటుడు ఓడినట్లే. మన పద్యనాటకం ఆ పరీక్షలో ఆరితేరింది, దాని మీద నాకు గౌరవమే తప్ప మరొకటి లేదు. ఆ రోజుల్లో రికార్డింగు పద్ధతీ అలాంటిదే. గాయకుడు ఒక కొమ్ములోకి పాడితే, ఆ గాలి ఒత్తిడికే సూది కదిలి మైనం మీద గీత గీసేది. గుసగుసలకు ఆ సూది కదిలేది కాదు. 1925 ప్రాంతంలో విద్యుత్ మైక్రోఫోను రికార్డింగు గదుల్లోకి వచ్చాక ఈ నియమం చెల్లిపోయింది. అంతవరకు చెవి దగ్గర మాత్రమే చెప్పగలిగిన మాటను లక్షమందికి, ఒక్కొక్కరికి విడివిడిగా, చెవి దగ్గరే చెప్పే వీలు మానవచరిత్రలో మొదటిసారి కలిగింది. ఇది బలం తగ్గడం ఎలా అవుతుంది? కొత్త వాద్యమొకటి పుట్టడం అవుతుంది.

ఈ వాద్యం మనకు తెలియనిది కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు పెంచి పోషించిన లలితసంగీతం దీని బిడ్డే. సినిమాలో పి.బి.శ్రీనివాస్ గొంతును మెత్తన అని మెచ్చుకున్నామే గాని, గొంతు లేదని ఎవరమూ అనలేదు. తెలుగులో చెల్లిన కొలత ఇంగ్లీషు పాటకు వచ్చేసరికి చెల్లకుండా పోవడం ఏం న్యాయమో నాకు బోధపడదు.

నిజానికి మెల్లగా పాడడం కష్టతరమైన పని. గట్టిగా పాడేవాడికి ఊపిరి ఆసరా ఉంటుంది. స్వరం కొంచెం అటూ ఇటూ అయినా ఊపు కప్పేస్తుంది. మైకుకు దగ్గరగా తగ్గుస్వరంలో పాడేవాడికి ఏ కప్పూ లేదు. ఊపిరి తీసుకోవడం, పెదవి విడివడడం, గోరు తీగకు తగలడం, అన్నీ వినబడిపోతాయి. డ్రేక్ గిటారు వినండి. బొటనవేలు కింది తీగల మీద ఒక నడక నడుస్తూ ఉంటుంది, తక్కిన వేళ్ళు పై తీగల మీద మరో నడక. గొంతు ఆ రెండింటి మీదా తొందర లేకుండా, తాళం గీత దాటి కాస్త ఆలస్యంగా దిగుతుంది. చేయి మాత్రం గడియారంలా నడుస్తుంది. పైగా, గిటారును అందరూ శ్రుతి చేసే పద్ధతిలో చేయడు. కొన్ని పాటలకు అన్నిటికన్నా మందమైన తీగను మామూలు కంటె రెండు పూర్తి స్వరాలు కిందికి దించుతాడు. తక్కిన తీగల్నీ పాటకొక రకంగా మార్చుకుంటాడు. ఆ శ్రుతులేవో అతను రాసిపెట్టి పోలేదు. తరవాతి తరాల గిటారు విద్యార్థులు రికార్డులు పదేపదే విని, వేళ్ళు తిప్పి తిప్పి వాటిని కనిపెట్టవలసి వచ్చింది. ‘రివర్ మ్యాన్’ అనే పాట అయిదు మాత్రల లెక్కలో నడుస్తుంది. ఖండచాపు తెలిసిన మన చెవికి అది వింత కాదు గాని, పాశ్చాత్య జానపద గీతాల్లో అరుదు. లెక్క అంత వంకరగా ఉన్నా నదిలో నీరు కదిలినంత సహజంగా వినబడుతుందంటే, అది గొంతు లేనివాడు చేయగల పని కాదు.

రెండవ ఆరోపణకు వస్తాను. ఇది ఆరోపణ రూపంలో రాదు, పొగడ్త రూపంలో వస్తుంది. అందుకే ఎక్కువ ప్రమాదకరం. దాని సారాంశం ఇది: అతను లోకాన్ని తట్టుకోలేని సుకుమారుడు, ఆ కుంగుబాటులోంచే ఈ పాటలు కారాయి, ఆ గొంతులోని మెత్తదనం రాబోయే చావుకు ముందస్తు సూచన. పుస్తకాల వెనక అట్ట మీద, రికార్డుల పరిచయాల్లో, రాత్రివేళ మిత్రగోష్ఠుల్లో ఈ కథను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెద్దయ్యాక అతను కదులుతూ కనిపించే చిత్రం ఒక్కటీ బయటపడలేదు. చూపడానికి నిశ్చల ఛాయాచిత్రాలే ఉన్నాయి, అందులోనూ తల వంచుకున్నవే పదేపదే అచ్చవుతాయి. కథ అల్లుకునేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ కథకు అడ్డొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటి ఆల్బమునాటికి అతనికి ఇరవయ్యేళ్ళు. నిర్మాత జో బోయ్డ్ తంత్రీవాద్యాల కూర్పు కోసం అనుభవజ్ఞుడైన రిచర్డ్ హ్యూసన్‌ను పిలిపించాడు. ఆ కూర్పు డ్రేక్‌కు నచ్చలేదు. నచ్చలేదని చెప్పి, కేంబ్రిడ్జిలో తనతోపాటు చదువుతున్న రాబర్ట్ కిర్బీ చేత చేయిస్తానన్నాడు. రికార్డింగు అనుభవమే లేని విద్యార్థి ఆ కిర్బీ. ఒక కొత్త కుర్రాడు, లండన్ స్టూడియోలో, తనకు అవకాశమిచ్చిన నిర్మాతకు ఎదురుగా నిలబడి అన్నమాట అది. ఫలితం ఆ ఆల్బములో వినవచ్చు. ‘వే టు బ్లూ’లో గిటారే లేదు, కిర్బీ కూర్చిన తీగవాద్యాల నడుమ గొంతొక్కటే నిలబడుతుంది. లోకానికి జడిసిన సుకుమారుడు చేసే పనేనా ఇది?

రెండో ఆల్బము ‘బ్రైటర్ లేటర్’ డోలు, బాస్ గిటారు, ఇత్తడి వాద్యాలతో నిండుగా ఉంటుంది. జాన్ కేల్ వచ్చి రెండు పాటలకు వాయించాడు. అంటే భారీతనం అతనికి అందుబాటులో లేకపోలేదు. అందుకుని, వాడి చూసి, పక్కన పెట్టాడు. 1971 అక్టోబరులో రెండంటే రెండు రాత్రులు, పగటి బేరాలన్నీ ముగిశాక, చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో కూర్చున్నారు ఇద్దరే: అతనూ, ఇంజనీరు జాన్ వుడ్డూ. ఆ స్టూడియో ఒకప్పుడు పాలడెయిరీ. మూడో ఆల్బము ‘పింక్ మూన్’ అక్కడ అలా పుట్టింది. పదకొండు పాటలు, 28 నిమిషాలు. మొదటి పాటలో కొద్దిసేపు వినిపించే పియానో (అదీ అతను వాయించిందే) తప్ప అంతా గిటారు, గొంతు. ఇంకేమైనా చేర్చుదామా అన్న ప్రస్తావనకు అతను ఒప్పుకోలేదు. తీసివేత కూడా ఒక నిర్ణయమే. కవిత్వంలో ఈ సంగతి మనకు బాగా తెలుసు. విశేషణాలు కొట్టేసిన కవిని జబ్బుమనిషి అనము.

ఆ మెత్తదనానికి పుట్టినిల్లు కూడా జబ్బు కాదు. అతని తల్లి మాలీ డ్రేక్ స్వయంగా పాటలు కట్టి, పియానో దగ్గర కూర్చుని, ఇంటివారికి మాత్రమే పాడుకునేది. 1950లలో భర్త వాటిని ఇంట్లోనే టేపు మీద పట్టాడు; 2013లో అవి ఆల్బముగా లోకానికి తెలిశాయి. ఆమె పాటలు వినండి. అదే తగ్గుస్వరం, అదే పొదుపు, చివర్లో వాక్యాన్ని వదిలేసే అదే తీరు. మనకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి: 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు మాలీ తన అక్కచెల్లెళ్ళలో ఒకరైన నాన్సీతో కలిసి ఢిల్లీకి తరలివచ్చింది. ఆ రోజుల్లో వారిద్దరూ లాయిడ్ సిస్టర్స్ పేరుతో ఆకాశవాణిలో పాడారు. ఆ తల్లి మైకు ముందు పాడిన తావుల్లో మన రేడియో ఒకటన్నమాట. కొడుకు గొంతులోని మంద్రత ఇంట్లో అబ్బిన మర్యాద. దాన్ని రోగలక్షణంగా చదవడం, సంగీతజ్ఞుల ఇంట్లో పుట్టి శ్రుతిజ్ఞానం కలవాణ్ణి చూసి చెవిజబ్బు అన్నట్లుంటుంది.

అతనికి జబ్బు లేదని నేననడం లేదు. ఉంది. 1971 నుంచీ తీవ్రంగానే ఉంది, వైద్యం జరిగింది, మందులు వాడాడు. కాని ఆ జబ్బు అతనికి ఏం ఇచ్చింది, అతని దగ్గర ఏం తీసుకుంది అన్న లెక్క ఒక్కసారి నిజాయితీగా వేయండి. 1972 ఫిబ్రవరిలో ‘పింక్ మూన్’ వచ్చాక రెండేళ్ళపాటు రికార్డింగే లేదు. 1974లో మళ్ళీ స్టూడియోకు వచ్చినప్పుడు, వాయిస్తూ పాడడం ఒకేసారి చేతకాని స్థితిలో ఉన్నాడు. ముందు గిటారు రికార్డు చేసి, తరవాత దాని మీద గొంతు పెట్టవలసి వచ్చింది. ఆ చేతినీ ఆ గొంతునీ పైన వర్ణించాను. రెండూ విడివిడిగా నడుస్తూ ఒక్కటిగా వినబడడమే అతని విద్య. జబ్బు సరిగ్గా ఆ కీలును విరిచింది. పాటలు జబ్బులోంచి రాలేదు మిత్రులారా, జబ్బు పాటల్ని తినేసింది. అయినా 1974లో వచ్చి రికార్డు చేశాడంటే, అది చావును ప్రేమించినవాడి పని కాదు. పనిని వదలలేనివాడి పని.

ఈ వాదన ఎందుకింత పట్టుదలగా చేస్తున్నానంటే, ఇది చనిపోయిన ఒక ఆంగ్లేయుడి పరువు వ్యవహారం మాత్రమే కాదు. బాధే కళకు ఇంధనమన్న నమ్మకం మన సాహిత్యవాతావరణంలోనూ వేళ్ళూనుకుని ఉన్నది. చిన్నవయసులో పోయిన కవి పోవడం వల్లనే గొప్పవాడైనట్లు సభల్లో మాట్లాడతారు. ఆ మాటలు ముందు వరసలో కూర్చున్న ఇరవయ్యేళ్ళ పిల్లవాడు వింటాడు. వాడికి నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు, నలుగురిలోకి రావడం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, వైద్యం చేయిస్తే కవిత్వం పోతుందేమోనని భయపడతాడు. ఇటువంటి మాట నాతో అన్నవారున్నారు. వారికి నేను డ్రేక్ జీవితాన్నే చూపిస్తాను, అభిమానులు చూపించే వైపునుంచి కాదు, 1974 వైపునుంచి. కుంగుబాటుకు వైద్యం చేయించుకోవడం పాటకు చేసే ద్రోహం కాదు. పాడే మనిషి మిగిలితేనే పాట.

మూడవది, హాయి. 1999లో ఒక కార్ల కంపెనీ, వోక్స్‌వ్యాగన్, తన టీవీ ప్రకటనలో ‘పింక్ మూన్’ పాటను వాడుకుంది. అతను బతికుండగా కొన్నవారికంటే ఎన్నో రెట్లమంది ఆ తరవాత ఆ ఆల్బము కొన్నారు. ఇందులో నాకు ఆక్షేపణ లేదు. ఏ దారిన వచ్చినా విన్నవారు విన్నట్లే. మరో సంగతి గుర్తుంచుకోవాలి. జో బోయ్డ్ తన సంస్థను ఐలండ్ రికార్డ్స్‌కు అమ్మేసినప్పుడు, డ్రేక్ రికార్డులను ఎన్నడూ అమ్మకం జాబితానుంచి తీసేయరాదని షరతు పెట్టినట్లు చెప్పుకున్నాడు. ఎవరూ కొనని రికార్డులకు ఆ షరతు! ప్రకటన వచ్చేనాటికి అంగట్లో సరుకుందంటే దాని వెనుక అటువంటి మొండితనం ఉన్నది.

నా ఆక్షేపణ తరవాత జరిగినదాని మీద. 1990లనుంచి రికార్డింగు పరిశ్రమలో ఒక పోటీ నడిచింది. ఎవరి సీడీ ఎక్కువ మోగుతుందన్నదే ఆ పోటీ. పాటలోని మెల్లని భాగాల్ని పైకి నెట్టి, పెద్ద భాగాల్ని అదిమి, అంతా ఒకే ఎత్తున చదును చేసేవారు. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు ఈ చదును మరీ మితిమీరిందని అభిమానులే గొడవపెట్టారు. ఇప్పుడు స్పాటిఫై వంటివి పాటలన్నిటినీ ఇంచుమించు ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తున్నాయి గనక ఆ పోటీకి పదును తగ్గింది. అయితే చదును చేసే పని ఆగలేదు; పాటలోంచి వినికిడిలోకి మారింది, అంతే. నిద్రకొక జాబితా, చదువుకొక జాబితా, వంటకొక జాబితా. మెల్లగా పాడే ప్రతివాణ్ణీ పట్టుకుని ఆ జాబితాల్లో పడేశారు. ఆమధ్య ఒక కాఫీ హోటల్లో ‘పింక్ మూన్’ మోగుతోంది. పాలు నురుగు పట్టే యంత్రం చప్పుడుకు పాట సగం మునిగిపోయింది. ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అక్కడ దాని పని వినబడడం కాదు, నిశ్శబ్దాన్ని కప్పడం. మెల్లని పాటను గోడకు సున్నంలా వాడుకోవడమంటే ఇదే.

మంద్రస్వరం ఒక అభ్యర్థన అని నేననుకోను. అది ఒక నిబంధన. నేను గొంతు తగ్గించాను, ఇక నువ్వు నీది తగ్గించు అంటుంది. డ్రేక్ వేదిక మీద విఫలమైనది ఈ కారణంగానే. కబుర్లు చెప్పుకునే శ్రోతల ముందు, పాటకూ పాటకూ మధ్య మౌనంగా తీగలు శ్రుతి చేసుకుంటూ కూర్చునేవాడు. వారు నిబంధన ఒప్పుకోలేదు, అతను సడలించలేదు. కొద్దికాలానికి వేదికలే మానేశాడు. అప్పటి శ్రోతలు కనీసం నచ్చలేదని కబుర్లలో పడ్డారు. ఇప్పటివారు నచ్చిందంటూనే అదే పని చేస్తున్నారు. తేడా ఎక్కడుందో మీరే చెప్పండి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. మెల్లగా పాడిన ప్రతిదీ సత్యం కాదు. గుసగుస కూడా ఒక వేషం కావచ్చు. ఊపిరి ఎక్కువ, స్వరం తక్కువ పోసి నిజాయితీని నటించే పాటలు ఈ ఇరవయ్యేళ్ళలో కుప్పలుగా వచ్చాయి. ఒంటరి గుడిసె, చలికాలం, విరిగిన మనసు అన్న మూసకథ కూడా తయారయింది. జస్టిన్ వెర్నన్ 2006-07 శీతాకాలంలో విస్కాన్సిన్ అడవిగుడిసెలో తన తొలి ఆల్బము చాలామటుకు రికార్డు చేసిన మాట నిజమే. కాని ఆ పాటల్ని నిలబెట్టినది గుడిసె కాదు, ఒకదాని మీద ఒకటిగా పేర్చిన గొంతుల పొరలు. ఎలియట్ స్మిత్ గుసగుసను రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి అతికేవాడు. ఆ రెండూ వెంట్రుకవాసి తేడాతో కలిసి నడవాలంటే ఎంత సాధన కావాలో పాడేవారిని అడగండి. శామ్ బీమ్ ‘ఐరన్ అండ్ వైన్’ పేరుతో 2002లో తెచ్చిన తొలి ఆల్బము ఇంట్లో, నాలుగు ట్రాకుల యంత్రం మీద చేసుకున్నది. యంత్రం చిన్నదే, పాటల కట్టడం చిన్నది కాదు. నా పరీక్ష ఒకటే: ఆ మెత్తదనాన్ని తీసేసి, వేరే ఎవరిచేతనైనా గట్టిగా పాడించండి. అస్థిపంజరం మిగిలితే అది పాట. ఆవిరి మిగిలితే అది వేషం. డ్రేక్ పాటలు ఈ పరీక్షకు నిలుస్తాయి, వేళ్ళు నొప్పిపుట్టేదాకా ఆ శ్రుతులు వెతికిన గిటారు విద్యార్థులే సాక్షులు.

కనుక అభిమానులకు నా విన్నపం. అతని మీద జాలి మానండి. జాలి వినికిడిని చెడగొడుతుంది. చావు తెలిసి వింటే ప్రతి విరామమూ నిట్టూర్పులా తోస్తుంది. చనిపోయాడన్న సంగతి పక్కన పెట్టి, ఇరవై మూడేళ్ళ పనివాడొకడు తనకు తెలిసిన విద్యలో అనవసరమైనవన్నీ తీసేసి చూపిస్తున్నాడనుకుని వినండి. ఇష్టపడనివారికి: ధ్వని పెంచకండి, గదిలో ఫ్యాను ఆపండి. అంతే చాలు.

ఇదంతా అతిశయోక్తి అనేవారుంటే వాదనకు సిద్ధంగానే ఉన్నాను. కింద వ్యాఖ్యల్లో నిలదీయండి. ఒక్కటే షరతు. ముందు ఆ 28 నిమిషాలు, మరేపనీ పెట్టుకోకుండా, మధ్యలో లేవకుండా వినిరండి. అది చేయలేనివారు అతని గొంతు గురించి మాట్లాడనక్కరలేదు. వారి సమస్య చెవులతో.